బేగి తోలరా!

మా అత్త కూర్మమ్మ వ్యాను ఎక్కగానే చేసే మొదటి పని, డ్రైవరు వీపు వెనకున్న రేకు మీద అరచేత్తో దబదబా బాదడం. తోలరా, బేగి తోలు, తొందరగా పోనియ్యి అని దాని అర్థం. డ్రైవరు కన్నకొడుకే కదా, నోటితో నిమ్మళంగా చెబుదామని ఉండేది కాదు. వ్యాను మా పేట దాటకముందే ఆ రేకు మోగేది.

ఆ డ్రైవరు నా మొగుడు ధనరాజు.

మాది గార వైపు సముద్రం ఒడ్డున ఒక చేపల పేట. వేసవిలో వేట ఆపే రోజులు అయిపోయి, జూన్ నడిమిలో పడవలు మళ్లీ నీళ్లలో పడ్డాయంటే మగవాళ్లకి సముద్రం, మా ఆడవాళ్లకి రోడ్డు. తెల్లారేసరికి పడవలు ఒడ్డుకొస్తాయి. ఇసకలోనే వేలం పాట పెడతారు. పాటలో దక్కిన చేపల్ని గంపల్లో సర్ది, మీద ఐసు కొట్టి, వ్యానెక్కి శ్రీకాకుళం మార్కెట్టుకి పోవాలి. పేటకి వ్యాన్లు రెండే. ఒకటి మాది, రెండోది అప్పలసూరిది. అప్పలసూరి మా అత్తకి స్వయానా అన్న కొడుకు, మా ఆయనకి బావ. సాయంత్రం ఇద్దరూ ఒకే గట్టు మీద కూర్చుని ఒకే బీడీ మార్చి మార్చి కాల్చేవారు. పొద్దున్న స్టీరింగు పట్టుకుంటే మాత్రం ఒకరి మొహం ఒకరు ఎరగరు.

దానికి కారణం మార్కెట్టు గేటుకి ఎదురుగా ఉన్న వరస. హోటళ్లవాళ్లూ, పెళ్లిళ్లకి వండేవాళ్లూ ఆ వరస దగ్గరే బేరాలు ముగించుకుని వెళ్లిపోతారు, లోపలికి అడుగు పెట్టరు. ముందు చేరిన వ్యాను ఆడవాళ్లు ఆ వరసలో కూర్చుంటారు. వెనక వచ్చినవాళ్లు లోపల రేకుల కింద, మురుక్కాలవ పక్కన. ఎవరు రాసిన చట్టమూ కాదు, అలా నడిచిపోతోంది. ఒక్క మా అత్తకి మాత్రం గేటు పక్కనే చదునైన రాయి ఒకటి ఉంది. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆవిడే ఎక్కడినుంచో దొర్లించుకొచ్చి వేసుకుందట. దాని మీద మరొకరు కూర్చోరు. తన చోటుకి ఢోకా లేకపోయినా, తన వ్యాను ఆడవాళ్లు మురుక్కాలవ పక్కకి పోతే ఆవిడకి తల కొట్టేసినట్టుండేది.

"నిన్న ఆడే ముందెల్లిపోనాడు. ఇయ్యాల కూడా ఆడి దుమ్ము తినమంటావేటిరా?" అని లోపల్నుంచి కేకేసేది.

నేను ముందు సీట్లో, మా ఆయన పక్కన కూర్చునేదాన్ని. అక్కడ కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది మేము ఏం చేస్తున్నామో. మాది సామాన్లు మోసే వ్యాను. అటొక బల్ల, ఇటొక బల్ల బిగించి ఆడవాళ్లని కూర్చోబెడతాం. పట్టుకోవడానికి ఒక ఇనప కమ్మీ. మధ్యలో గంపలు, గంపల్లో ఐసు, ఐసు కరిగి అడుగున నీళ్లు. గట్టిగా బ్రేకు వేస్తే గంపలన్నీ ముందుకి జారతాయి, గంపల మీదకి మనుషులు జారతారు. అలాంటి బండిని మా ఆయన ఎదురుగా బస్సు వస్తున్నా ఎడ్లబండిని దాటించేసేవాడు. మలుపులో ముందు ఏముందో కనపడకపోయినా హారన్ మీద చెయ్యి వేసి దూసుకుపోయేవాడు. నేను డ్యాష్‌బోర్డు పట్టుకుని కాళ్లతో లేని బ్రేకు తొక్కుతూ ఉండేదాన్ని.

"కొంచిం మెల్లగా పోనియ్యి. పేనాలు పోతే మార్కెట్టేటి సేసుకుంటాం?" అంటే, "నాకు సెప్తావేటే? ఎనక్కి తిరిగి మీ అత్తకి సెప్పు" అనేవాడు.

అత్తకి చెబితే ఆవిడ నవ్వేది. "భయమైతే బస్సెక్కి రాయే కోడలా. కండట్రు టిక్కెట్టు కోసి, కూకోబెట్టి, ఊరూరూ సూపించి తెస్తాడు."

వెనకున్న ఆడవాళ్లంతా గొల్లున నవ్వేవారు.

ఆషాఢంలో ఒకరోజు రాత్రంతా వాన కురిసి తెల్లవారుతుండగా వెలిసింది. ఆ రోజు కోనం చేపలు బాగా పడ్డాయి. పాట తెమలడం ఆలస్యమైంది. రెండు వ్యాన్లూ ఇంచుమించు ఒకేసారి బయల్దేరాయి. శ్రీకూర్మం దాటాక అప్పలసూరి హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటాడు. దాటేటప్పుడు అతని వ్యానులోని లక్ష్మణమ్మ పిన్ని చెయ్యి బయట పెట్టి మా అత్తకి టాటా చెప్పింది. లక్ష్మణమ్మా, మా అత్తా చిన్నప్పట్నుంచీ నేస్తాలు. ఆ టాటా మా అత్తకి ఎక్కడో గుచ్చుకుంది. కమ్మీ వదిలేసి, సగం లేచి నిలబడి, రేకు మీద రెండు చేతులతో బాదింది.

"తోలరా! బేగి తోలు! కాలికి సత్తువ నేదేటి?"

మా ఆయన తొక్కాడు. రోడ్డు నల్లగా నిగనిగలాడుతోంది. దారిలో ఒక ఊళ్లో బడి ముందు ఆ వారమే కొత్తగా స్పీడు బ్రేకరు వేశారు. దానికింకా తెల్ల గీతలు గియ్యలేదు. తడిసిన తారు మీద తడిసిన తారు. నాకు అది కనపడినప్పుడే మా ఆయనకీ కనపడింది. బ్రేకు తొక్కాడు. చక్రాలు పట్టలేదు. వ్యాను నీళ్ల మీద జారినట్టు జారి, ఎక్కి, లేచి, దబ్బున పడింది.

ఎవరినీ గుద్దలేదు, బోల్తా పడలేదు. కొంచెం దూరం పోయి ఆగింది. వెనక్కి పరుగెత్తి చూస్తే గంపలు తిరగబడి ఐసూ చేపలూ అందరి ఒళ్లలో ఉన్నాయి. అందరూ ఏడుస్తున్నారు, తిడుతున్నారు, తడుముకుంటున్నారు. మా అత్త ఒక్కతే అరవడం లేదు. బల్ల అంచుకీ గంపలకీ మధ్య పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఒలే గౌరీ," అంది నన్ను చూసి, మామూలు గొంతుతోనే. "నా కాళ్లెక్కడున్నాయో సూడు. నాకు తెలీటం నేదు."

కాళ్లు అక్కడే ఉన్నాయి. నేను పట్టుకునే ఉన్నాను.

ఆసుపత్రిలో డాక్టరు సినిమా ఫిల్ము లాంటిది వెలుగుకి పట్టి చూపించాడు. నడుం పూస ఒకటి నలిగి నరం మీద పడిందన్నాడు. ఆపరేషన్ చేస్తాం, కూర్చోగలుగుతుంది, నడక సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేం అన్నాడు. మా ఆయన ఆ మాటలు వింటూ తన కుడికాలి వైపే చూస్తూ నిలబడ్డాడు. పేట పేటంతా దిగింది. లక్ష్మణమ్మ పిన్ని గుమ్మంలోనే కూలబడి, "ఆదిత్యుడా, నా కూర్మిని లేపు, నీ కొండకి నడిచొస్తాను" అని అరసవల్లి దిక్కుకి దండాలు పెట్టింది. అరసవల్లిలో కొండ లేదని కూడా ఆవిడకి ఆ క్షణంలో తోచలేదు. అప్పలసూరి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"సాలమ్మా ఈ పరుగులు," అన్నారు అందరూ. "ఇకనుంచి మెల్లగా ఎల్దుం. సేపలెక్కడికి పోతాయి?"

ఆ మాట, అత్తని మేము ఇంటికి తీసుకొచ్చేదాకా కూడా నిలబడలేదు.

మా ఆయన మళ్లీ వ్యాను తీసిన రోజున ఆ బండి నడిపేది ఇంకెవరో అనిపించింది. స్పీడు ముల్లు నలభై దాటనిచ్చేవాడు కాదు. మలుపు ఇంకా రాకముందే కాలు ఎత్తేసేవాడు. ముందు బస్సుంటే దానికి బాగా ఎడం ఇచ్చి వెనకే నడిచేవాడు. ఫోను మోగితే బండి పక్కకి తీసి ఆపి మాట్లాడేవాడు, లేకపోతే మోగనిచ్చేవాడు. బడి కనబడితే రెండో గేరు. వెనకనుంచి ఎవరైనా హారన్ కొడితే ఎడమకి ఒదిగి దారిచ్చేసేవాడు.

మొదటి రోజు ఆడవాళ్లు ఏమీ అనలేదు. రెండో రోజు గొణిగారు. మూడో రోజు నలుగురు అప్పలసూరి వ్యాను ఎక్కారు. శ్రావణం వచ్చేసరికి మా వ్యానులో నేనూ, పరుగు లేని ఇద్దరు ముసలమ్మలూ మిగిలాం.

నాకు ఒళ్లు మండిపోయేదెక్కడంటే అరసవల్లి దగ్గర. పేట దాటకముందే మమ్మల్ని దుమ్ములో ముంచి పోయిన అప్పలసూరి వ్యాను, అరసవల్లి కూడలిలో ఆటోల మధ్య ఇరుక్కుని మాకు ఎదురుగానే కనపడేది. గుడికి వచ్చేవాళ్లు, కొబ్బరికాయల బళ్లు, అడ్డంగా ఆగిన ఆటోలు. అన్ని మలుపుల్లో అందరి ప్రాణాలూ అరచేతిలో పెట్టుకుని అతను సంపాదించింది ఒక టీ తాగే సమయం. కానీ ఆ టీ తాగే సమయం చాలు, గేటు ముందు వరస దక్కడానికి. నేను వెళ్లి అత్త రాయి మీద కూర్చునేదాన్ని. నాతో వచ్చిన ఇద్దరు ముసలమ్మలూ గంపలెత్తుకుని మురుక్కాలవ పక్కకి పోయేవారు. వాళ్లు ఒక్క మాట అనేవారు కాదు. అంటే బాగుండేది.

ఇంటికొస్తే అత్త. వసారాలో మంచం మీద వెల్లకిలా పడుకుని, ఉదయం రెండు బళ్లూ వెళ్లిన చప్పుడు విని లెక్క చెప్పేది. "ఆడెల్లిన సేనా సేపటికి మీరెల్లినారు. ఏటైనాది, బండికి జొరమొచ్చినాదా?"

"జొరం కాదు. నీ కొడుక్కి బుద్ధొచ్చినాది," అన్నాను ఒకరోజు.

"బుద్ధేటి బుద్ధి? పరుగుకేటైనాదే? ఆ దిబ్బ ఎవుడెయ్యమన్నాడు? ఏసినోడు సున్నం గీత గియ్యొద్దా? గీతుంటే మావోడు ఆపుకోడేటి?"

గీత లేని మాట నిజం. కానీ ముందేముందో తెలియని రోడ్డు మీద అన్నీ తెలిసినట్టు పోయింది ఎవరు? తడి రోడ్డు మీద తొక్కమని రేకు బాదింది ఎవరు? నాలిక చివరిదాకా వచ్చింది. మంచం చివర ఆవిడ పాదాలు రెండూ ఎవరివో అన్నట్టు పడి ఉన్నాయి. మింగేశాను. ఒళ్లు తుడిచి, పక్కకి తిప్పి, వీపుకి పౌడరు వేశాను.

"దసరాకి కూకుంటాను సూడు రాయి మీద," అంది గోడ వైపు తిరిగి. రోజుకి ఒకసారైనా అనేది ఆ మాట.

ఇక మా ఆయనతో నా గొడవ వేరు. ఇన్నేళ్లూ మెల్లగా తోలమని పోరింది నేనే. తీరా మెల్లగా తోలుతుంటే పళ్లు నూరింది కూడా నేనే. ఖాళీ రోడ్డు మీద, ఎండ కాస్తున్నప్పుడు కూడా సైకిళ్లు మమ్మల్ని దాటిపోతుంటే ఒకరోజు ఉండబట్టలేక అరిచాను.

"ఏటిది? ఉంటే తుఫాను, లేకపోతే నత్త. కొంచిమైనా కదల్చు! అందరూ ఎల్లిపోనారు నీ బండి ఒదిలేసి. నువ్వొక్కడివీ మెల్లగా తోల్తే లోకం బాగుపడిపోతాదేటి?"

అతను బండి పక్కకి ఆపాడు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

"నలబై దాటితే అమ్మ గొంతు వినిపిస్తాది గౌరీ. తోలరా అన్నది కాదు. కాళ్లెక్కడున్నాయన్నది," అన్నాడు.

నేను మళ్లీ ఆ విషయం ఎత్తలేదు. కానీ కోపం ఎక్కడికి పోతుంది? తీసుకెళ్లి అప్పలసూరి మీద పోశాను. టీ బడ్డీ దగ్గర పట్టుకున్నాను.

"అన్నా, నీకు సిగ్గుందా? మీ అత్త మంచం మీదున్నాది. నీ బండిలో ఉన్నోలు కూడా అలాటోలే కాదేటి?"

అతను తల దించుకున్నాడు. "నానాగితే నా బండీ నీ బండిలాగే కాళీ అయిపోతాది సెల్లీ. నాకు మాత్రం సరదావా? మలుపులో నా గుండె నా నోట్లో ఉంటాది. ముందు ఆలకి సెప్పు. ఆలు ఊరుకుంటే నానూ ఊరుకుంటాను."

వాళ్లకీ చెప్పాను. మార్కెట్టు అయ్యాక అందరూ నీళ్ల కుళాయి దగ్గర గంపలు కడుక్కుంటుంటే మధ్యలో నిలబడి చెప్పాను. రెండు బళ్లూ ఒకే వేగంతో వద్దాం, ముందూ వెనకా వద్దు అన్నాను. అందరూ గంపలు కడుగుతూనే ఉన్నారు. చివరికి లక్ష్మణమ్మ పిన్ని లేచి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నీకేటమ్మా. నీకు మీ అత్త రాయున్నాది. మజ్జేనం వొచ్చినా నీ సోటు నీకే. మాకో? ఎనకబడితే మురుగు కంపులో కూకుని, సాయంత్రం ఇగురు కూరకి కూడా ఎవుడూ అడగని సేపలు ఇంటికి మోసుకెల్లాలి. మెల్లగా రమ్మని సెప్పటానికి నీకు నోరెలాగొచ్చినాది?"

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. నేను ఆ రాయి మీద కూర్చుని వాళ్లకి నీతులు చెబుతున్నాను. ఆ రాయి వదిలేస్తానని చెప్పడానికి అది నాది కాదు. దసరాకి వచ్చి కూర్చుంటానని గోడకి చెప్పుకునే మనిషిది.

ఆ మధ్యలోనే ఎవరో పెద్దవాళ్లు రోడ్డు భద్రత అంటూ బ్యానరు కట్టుకుని కూడలికి వచ్చారు. డ్రైవర్లని ఆపి తలా ఒక గులాబీ పువ్వు ఇచ్చి, నిదానమే ప్రధానం అని చెప్పి, ఫోటోలు దిగి వెళ్లిపోయారు. అప్పలసూరి ఆ పువ్వుని అద్దం పక్కన గుచ్చుకుని ఎప్పటిలాగే దూసుకుపోయాడు. గాలికి ఆ పువ్వు రేకులు ఊడి రోడ్డంతా పడ్డాయి. మా ఆయన తన పువ్వు నాకిచ్చాడు. నేను దాన్ని విసిరికొట్టాను.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం లక్ష్మణమ్మ పిన్ని అత్తని చూడ్డానికి వచ్చింది. మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. మంచం పక్కన కూర్చుని కొంగు తీస్తే పై పెదవి చీలి ఉబ్బిపోయి ఉంది. ముందు పళ్లు రెండు లేవు.

"ఏటే అది?" అంది అత్త.

"ఏటీ నేదే. ముందు లారీ ఆగినాది, మా అప్పలసూరి బ్రేకు కొట్టినాడు, ఆ కమ్మీ వొచ్చి మూతి మీద ముద్దెట్టుకున్నాది," అంది పిన్ని. ఊడిన పళ్ల సందులోంచి మాట ఈలలా వస్తోంది. ఆవిడకే నవ్వొచ్చింది. "ఐతేనేటి, ముందు వరస మాదే ఇయ్యాల కూడా. పండుగప్పలు అన్నీ అమ్మేసినాను."

మామూలుగా అయితే మా అత్త కూడా పగలబడి నవ్వేది. పళ్లు లేని నేస్తాన్ని ఏడిపించడానికి ఆవిడకి రెండు రోజులైనా సరిపోయేది కాదు. ఆ రోజు నవ్వలేదు. చెయ్యి చాచింది. పిన్ని వంగితే ఆ పెదవి కింద వేలు పెట్టి, వెలుగు వైపు తిప్పి, చాలాసేపు చూసింది.

"కొంచిం పైకి తగిలితే కన్ను," అంది.

"తగల్నేదు గదే."

పిన్ని వెళ్లాక అత్త చాలాసేపు కప్పు వైపు చూస్తూ పడుకుంది. నేను గంజి తాగిద్దామని వెళ్తే, "రేపు నన్ను బండెక్కించండి. మార్కెట్టుకొస్తాను," అంది.

మా ఆయన ఒప్పుకోలేదు. డాక్టరు వద్దన్నాడు అన్నాడు. ఆవిడ వినే రకం కాదు. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రివాళ్లు ఇచ్చిన నడుం బెల్టు బిగించి, ముందు సీట్లో దిళ్లు పేర్చి, ఎత్తి కూర్చోబెట్టి, సీటు బెల్టు పెట్టాం. నేను వెనక గంపల దగ్గర కూర్చున్నాను. మధ్యలో రేకుకి చిన్న కిటికీ లాంటిది ఉంది. అందులోంచి ఆవిడ మెడా, బిగుసుకున్న భుజాలూ కనబడుతున్నాయి.

అంత మెల్లగా పోతున్నా రోడ్డు మీద ప్రతి గుంతా ఆవిడ వెన్నులో నుంచే పోతున్నట్టుంది. గుంత గుంతకీ కళ్లు మూసుకునేది. శ్రీకూర్మం దాటాక వెనకనుంచి ఆ హారన్ వినపడింది. అప్పలసూరి వ్యాను మా పక్కకొచ్చింది. అతను కిటికీలోంచి చూసి, తన అత్త మొహం కనపడేసరికి బిక్కచచ్చిపోయాడు. కానీ వెనక ఆడవాళ్ల కేకలు. అప్పటికే సగం దాటేశాడు, ఎదురుగా పాల వ్యాను వస్తోంది, ఇక ఆగే వీలు లేదు. పాల వ్యానువాడు మట్టిలోకి దిగిపోయాడు. మా ఆయన బ్రేకు తొక్కి దారిచ్చాడు. అత్త నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది.

"అమ్మా!" అన్నాడు మా ఆయన.

"నాకేటీ కానేదు. నువ్వు మెల్లగా తోలు నాయినా," అంది.

ఆ మాట ఆవిడ నోట నేను వినడం అదే మొదటిసారి.

మార్కెట్టులో మా ఆయనా, అప్పలసూరీ చెరో పక్కా పట్టి ఆవిడని ప్లాస్టిక్ కుర్చీలో గేటు దాకా మోసుకొచ్చారు. అప్పలసూరి కళ్లెత్తి చూడటం లేదు. ఆడవాళ్లంతా బేరాలు వదిలి చుట్టూ మూగారు. ముందు వరస అంతా అతని వ్యానువాళ్లే. రాయి మాత్రం ఖాళీగా ఉంది. ఎవరో దాని మీద నీళ్లు చల్లి తుడిచారు కూడా. ఇద్దరు ఆవిడని దాని మీద కూర్చోబెట్టబోయారు.

"ఆగండి," అంది అత్త. "లచ్చనమ్మా, నువ్వు కూకోయే."

"నానా? నీ సోటుకేటైనాది?"

"కూకోమన్నాను గదే."

పిన్ని బిత్తరపోయి రాయి అంచు మీద కూర్చుంది.

"ఇయ్యాల నీ సోటు. ముందు వరస మీ బండోలది. రేపు రాయి, వరసా మా బండోలకి. ఎల్లుండి మల్లీ మీకు. ఎవులు ముందొచ్చినా, ఎవులు ఎనకొచ్చినా అంతే. వొంతు ఎవులిదైతే వరస ఆలది. ఒప్పుకోనోలుంటే ఇప్పుడే సెప్పండి, నానిక్కడే ఉన్నాను."

కాదనడానికి ఏముంది, రాయి ఉన్న మనిషే రాయిని వంతులో పడేస్తే. వెనకనుంచి ఎవరో అన్నారు, "మరి దసరాకి నువ్వొస్తే? నువ్వెక్కడ కూకుంటావు?"

అత్త కొంగుతో మెడ తుడుచుకుంది.

"నానెక్కడికొస్తానే ఇంక," అంది. ఇవాళ కోనాలు పడలేదు అని చెప్పినట్టు చెప్పింది. "సేపలు సూసుకోండి. ఈగలు ముసురుకుంటన్నాయి."

ఆ తర్వాత టీ కావాలంది. ఎవరో తెచ్చారు. సగం తాగి నాకిచ్చింది. మా ఆయన వ్యాను తిప్పుతున్నాడు.

అంతటితో అందరూ మారిపోయారని చెబితే అబద్ధం. మొదటి వారమే వంతు కాని రోజున ఒకామె ముందు వరసలో గంప దించితే జుట్లు పట్టుకునేదాకా వచ్చింది. మా వంతు రోజు వాళ్లకి కడుపుమంట, వాళ్ల వంతు రోజు మాకు. నేనే రెండుసార్లు నోరు పారేసుకున్నాను. కానీ పేటలో పాట అయ్యాక వ్యాన్ల దగ్గర తోపులాట తగ్గింది. ముందు వెళ్లి ఒరిగేదేమీ లేదని తెలిశాక ముందు వెళ్లాలన్న కాక చల్లబడింది. గంపల మీద ఐసు ఇంకొంచెం ఎక్కువ కొట్టించడం నేర్చుకున్నాం. మా వ్యానులోకి ఒక్కొక్కరే తిరిగొచ్చారు. మురుగు పక్కన కూర్చున్న ఆ ముసలమ్మలిద్దరూ తమ వంతు రోజున రాయి మీద ఒకరి తర్వాత ఒకరు కూర్చుని చూసుకున్నారు.

అప్పలసూరి మాత్రం ఖాళీ రోడ్డు కనబడితే ఒక్కోసారి తొక్కేసేవాడు. "కాలికి అలవాటైపోనాది సెల్లీ" అనేవాడు. అతని వ్యానులో ఆడవాళ్లే అతన్ని తిట్టేవారు. ఆ తిట్లు వినడానికి నాకు బాగుండేది. ఆ స్పీడు బ్రేకరుకి ఎవరూ గీతలు గియ్యలేదు. పంచాయతీకి వెళ్లి అడిగి అడిగి విసుగొచ్చి, మా ఆయన ఇంట్లో మిగిలిన సున్నం తీసుకెళ్లి తానే పూశాడు. రెండు వానలకి కొట్టుకుపోతే మళ్లీ పూశాడు.

దసరాకి అత్త దిండుకి ఆనుకుని మంచం మీద కూర్చోగలిగింది. నిలబడలేదు. వలలు బాగుచేసే దారం తెప్పించుకుని కూర్చున్నచోటే పని మొదలుపెట్టింది. వ్యాన్లు వెళ్తుంటే లెక్కలు చెప్పడం మానేసింది. మేము తిరిగొచ్చేసరికి గుమ్మం వైపు మొహం పెట్టుకుని ఉండేది, అంతే.

కార్తీకం వస్తే ఊళ్లో సగం మంది చేప ముట్టరు. మా బేరాలు పడిపోతాయి. దానికి ముందు వచ్చిన ఆఖరి ఆదివారం, వ్యాను నిండా జనం, గంపలు. ఆదివారం కనక అరసవల్లి వెళ్లే కార్లు రోడ్డు నిండా ఉన్నాయి. ఒక తెల్ల కారు మా వెనక చేరి హారన్ మీద చెయ్యి తియ్యకుండా కొట్టడం మొదలుపెట్టింది. ముందు మలుపు. అటు నుంచి ఏం వస్తోందో కనపడటం లేదు. మా ఆయన ఎడమకి ఒదిగాడు కానీ, మలుపు దాటేదాకా ఆగమని చెయ్యి బయటపెట్టి చూపించాడు. కారువాడు ఆగలేదు. మమ్మల్ని రాసుకుంటూ పక్కకొచ్చి, అద్దం దించి, "ఎద్దుల బండి తోలుకోరా!" అని మా ఆయన్ని తిట్టి మలుపులోకి దూసుకుపోయాడు. వెనక సీట్లో ఒక ఆడమనిషి, ఆవిడ ఒళ్లో పూలబుట్ట, పక్కన ఇద్దరు పిల్లలు.

నా నోటికొచ్చిన బూతు ఇక్కడ రాయలేను. దేవుడి దగ్గరికి వెళ్లడానికి ఇంత తొందరా అని అరిచాను. అతనికి వినపడి ఉండదు. ఇన్ని నెలల కోపం, అత్త కాళ్లూ, పిన్ని పళ్లూ, ఆ గులాబీ పువ్వూ, అన్నీ కలిసి గొంతులోకి వచ్చేశాయి. ఈ ఒక్క రోడ్డు మీద రెండు వ్యాన్లని ఆపడానికి ఒక మనిషి నడుం పోవాల్సి వచ్చింది. మిగిలిన బళ్లన్నిటికీ ఎవరి నడుములు కావాలి?

"పోనీవే," అన్నాడు మా ఆయన. చెయ్యి మళ్లీ స్టీరింగు మీద పెట్టుకున్నాడు. ముల్లు నలభై దగ్గరే ఉంది.

మలుపు తిరిగాం. అందరి మెడలూ బయటికి సాగాయి. రోడ్డు పక్క గట్టు మీదా, కాలవలోనూ, చెట్ల మొదట్లోనూ ఆ తెల్ల కారు కోసం మా కళ్లు వెతికాయి. ఎక్కడా లేదు. రోడ్డు ఖాళీగా ఉంది.

"ఎల్లిపోనాడు," అంది వెనకనుంచి ఎవరో, ఊపిరి వదిలి. "ఈ మలుపుకి బతికినాడు."

ముందు ఇంకో మలుపు ఉంది. మేమంతా దాని వైపు చూస్తూ కూర్చున్నాం.